ఇంటికొచ్చేసిన శాంపిల్ పీసు

"బండి మీద ఉండగా ఫోన్ ఎత్తద్దురా అప్పా. అంత అవసరమే వస్తే పక్కన ఆపు, కిందికి దిగు, అప్పుడు ఎత్తు."

ఆ పొద్దున కూడా ఈ మాట అన్నాను. రోజూ అనేదే. చిన్ని గడప మీద కూర్చుని షూ లేసులు కట్టుకుంటున్నాడు. తలెత్తకుండానే నవ్వాడు.

"అమ్మా, ఈ మాట నువ్వు చెప్పీ చెప్పీ బండికే కంఠస్థం వచ్చేసింది. ఫోన్ మోగితే అదే పక్కకు పోయి నిలబడుకుంటాది."

"నవ్వు, నవ్వు. నిన్న మా కంపెనీ ముందర ఒకడు పడినాడు తెలుసా? చెవికీ భుజానికీ మధ్య ఫోన్ ఇరికించుకొని పోతా ఉండాడు."

"పడి?"

"లేచి పోయినాడు. కానీ పోకపోయుంటే?"

"పోయినాడు కదమ్మా!"

వాడి అసలు పేరు క్రిస్టోఫర్. ఇంట్లో చిన్ని అంటాం. ఇరవై ఏడేళ్ళొచ్చినా చిన్నీనే. కంప్యూటర్ కంపెనీలో పని. బొమ్మనహళ్ళిలో మా ఇంటి నుంచి బండి మీద ముప్పావు గంట. ఆ ముప్పావు గంటా పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నా ప్రాణం నా దగ్గర ఉండేది కాదు.

నా భయాలు ఇవాళ పుట్టినవి కావు. గ్యాస్ కట్టేసి వచ్చినా సందు మొదటి నుంచి వెనక్కి పోయి చూసొస్తాను. వానొస్తే మోరీ మూత తీసి ఉందేమో, నీళ్ళల్లో కనబడదేమో అనుకుంటాను. లిఫ్ట్ ఎక్కను. మా ఆయన శామ్యూల్ చర్చి వాళ్ళ స్కూల్లో అటెండరు. "మార్తా, నువ్వు భయపడినవాట్లో పదోవంతు జరిగినా బెంగళూరు ఎప్పుడో ఖాళీ అయిపోయుండు" అనేవాడు. చిన్ని ఇంకా ముందుకు పోయి, "బైబిల్లో యోబుకు కష్టాలు వచ్చినాక తెలిసినాయి. మా యమ్మకు రాకముందే తెలుసు" అనేవాడు. ఇద్దరూ నవ్వేవాళ్ళు. నేను తిట్టేదాన్ని. ఆ తిట్లు కూడా ఒక మాదిరి సంతోషమే అని అప్పుడు తెలియలేదు.

ఆ పొద్దున టిఫిన్ డబ్బా చేతికిచ్చి, హెల్మెట్ బకిల్ పడిందా లేదా అని వాడి గడ్డం కింద వేలు పెట్టి చూశాను. "పడిందమ్మా, పడింది" అంటూ పోయాడు. ఆగస్టు పన్నెండు అది.

సాయంత్రం రాలేదు.

హోసూరు రోడ్డు పక్కన సర్వీసు రోడ్డులో ఇసుక లారీ వెనక నుంచి కొట్టిందన్నారు. ఆరున్నరకూ ఏడుకూ మధ్య అని పోలీసులు రాసుకున్నారు. సరిగ్గా ఎప్పుడో, బండి నడుస్తూ ఉండగానా, నిలబడి ఉండగానా, చూసినవాళ్ళు లేరు. అక్కడ ఎళనీరు కొబ్బరిబొండాలు అమ్మే అతను ఆ రోజు ముందే సర్దుకుని వెళ్ళిపోయాడంట. వాడి బ్యాగు మాత్రం ఎగిరి ఆ ఖాళీ బొండాల కుప్ప మీద పడింది. పోలీసులు హెల్మెట్ ఇచ్చారు, బ్యాగు ఇచ్చారు. ఫోన్‌ను ఒక ప్లాస్టిక్ కవర్లో ఇచ్చారు. దాని మీదుగా ఎన్ని బండ్లు పోయాయో, పల్లీల చెక్కను చిదిమినట్టు ఉంది.

ఇప్పుడు రాయబోయేది మూడు నెలలు ఎవరితోనూ అనలేదు. శామ్యూల్‌తో కూడా అనలేదు.

నేను గార్మెంట్స్‌లో చెకర్‌ని. సాయంత్రం ఆరుంబావుకి ఇల్లు చేరతాను. చిన్ని ఆరు నలభై ఐదుకు వస్తాడు. ఐదు నిమిషాలు దాటితే ఫోన్ చేస్తాను, అది నా లెక్క. ఆ రోజు ఆరు యాభైకి చేశాను. మోగింది, ఎత్తలేదు. ఆరు యాభై రెండుకు చేశాను. మోగింది. ఆరు యాభై ఐదుకు మోగింది. ఏడూ ఒకటికి స్విచ్ ఆఫ్ అని వచ్చింది. ఆ నాలుగు వరుసలూ నా ఫోన్‌లో అట్లే ఉన్నాయి, చెరపలేదు.

చెప్పేది నేనే, ఫోన్ ఎత్తద్దని. చేసేది కూడా నేనే. జేబులో మోగుతుంటే, అమ్మ భయపడుతుందని వాడు ఒక చెయ్యి తీసి ఉండడా? "వస్తా ఉండానమ్మా" అని ఒక్క మాట చెబుదామని తల వంచి ఉండడా? కళ్ళు మూసుకుంటే ఆ చెయ్యే కనబడేది. హ్యాండిల్ వదిలి జేబు వైపు పోతున్న చెయ్యి.

శామ్యూల్‌తో చెప్పకపోవడానికి కారణం, అతను ఏమైనా అంటాడని కాదు. ఏమీ అనడని. నా తల మీద చెయ్యి పెట్టి, లోపలికి పోయి పడుకుంటాడని.

అప్పటి నుంచి నేను ఎవరికీ ఫోన్ చేయలేదు. శామ్యూల్ చర్చి నుంచి రావడం గంట ఆలస్యమైనా కిటికీ ఊచ పట్టుకుని నిలబడేదాన్ని గానీ ఫోన్ ముట్టుకోలేదు. నేను మోగిస్తే ఎక్కడ ఎవరికి ఏమవుతుందో.

బ్యాగులో వాడి ఆఫీసు ల్యాప్‌టాప్ ఉంది. ఒక మూల వంగింది, అంతే. ఆఫీసు వాళ్ళు రెండుసార్లు ఫోన్ చేసి అడిగారు. దొరకలేదని చెప్పాను. ప్రార్థన చేసే నోటితోనే అబద్ధం చెప్పాను. తీసుకుపోతే వాళ్ళు అందులో ఉన్నదంతా తుడిచేసి ఇంకొకరికి ఇస్తారని విన్నాను. మెత్తటి గుడ్డలో చుట్టి, బీరువాలో వాడి తెల్ల షర్టుల కింద పెట్టాను. ఆదివారం చర్చి నుంచి వచ్చాక తీసి పైపైన తుడిచి మళ్ళీ పెట్టేదాన్ని. తెరిచేదాన్ని కాదు. ఆ సాయంత్రం సంగతి ఏదైనా అందులో ఉంటే?

నవంబరులో ఒక శనివారం మధ్యాహ్నం అక్షర వచ్చింది.

అక్షర చిన్నితో పాటు పనిచేసే పిల్ల. వాళ్ళది ఖమ్మం. అంతకుముందు మా ఇంటికి రెండు మూడుసార్లు వచ్చింది. నేను చేసే నిప్పట్లు, అదే బియ్యప్పిండి చెక్కలు, తిని, "ఆంటీ, ఇవి పెట్టి మాతో ఓవర్‌టైం చేయించొచ్చు" అనేది. సమాధి చేసిన రోజు అందరికంటే వెనక, గేటు దగ్గర నిలబడింది. దగ్గరికి రాలేదు. తర్వాత కూడా రాలేదు. ఇప్పుడు చూస్తే మెడ ఎముకలు బయటపడి ఉన్నాయి.

"కూర్చో అమ్మా. ఏం ఇట్ల అయిపోయినావు? తినడం లేదా? జ్వరమేమన్నా వచ్చిందా? రక్తం చూపించుకున్నావా?"

"బానే ఉన్నా ఆంటీ."

కాఫీ ఇచ్చాను. నిప్పట్లు పెట్టాను. ఒకటి తీసుకుని, తినకుండా చేతిలోనే పట్టుకుంది.

"ఆంటీ, ల్యాప్‌టాప్..."

"దొరకలేదని చెప్పినాను కదా మీ వాళ్ళకి."

అక్షర బీరువా వైపు చూడలేదు, నా వైపూ చూడలేదు. "వాళ్ళు క్రిస్టోఫర్ మీద రాస్తున్నారు ఆంటీ" అంది.

నా చేతిలో గ్లాసు ఆగిపోయింది. "వాని మీదనా? ఇంకా ఏం రాస్తారు వాని మీద?"

"తన నిర్లక్ష్యం వల్ల ప్రాజెక్ట్ ఆగిపోయిందని. మేనేజర్ మెయిల్ పెట్టాడు. సోమవారం క్లయింట్స్‌తో మీటింగ్ ఉంది. అక్కడ కూడా అదే చెప్తారు."

"నిర్లక్ష్యమా? నా కొడుకా? ఏం చేసినాడు వాడు? నాకు తెలిసేటట్ల చెప్పు. నేను ఏడో క్లాసు. కానీ చెప్తే తెలుస్తాది."

చెప్పింది. మొదట తడబడింది, తర్వాత నెమ్మదిగా చెప్పింది.

"మేం చేసేది చిన్న చిన్న ల్యాబులకు వెబ్‌సైట్ ఆంటీ. రక్తపరీక్ష చేయించుకున్నవాళ్ళు ఇంట్లో కూర్చుని రిపోర్ట్ చూసుకోవచ్చు. కానీ ఆ రిపోర్ట్స్ మా దగ్గర ఉండవు. వేరే కంపెనీ దగ్గర ఉంటాయి. వాళ్ళు ఒక సర్వీస్ నడుపుతారు. మా ప్రోగ్రాం ప్రతిసారీ అక్కడికి వెళ్ళి అడిగి తెచ్చుకోవాలి. ఎక్కడికెళ్ళాలి, ఏ మాటతో అడగాలి, వాళ్ళు ఏ వరుసలో జవాబిస్తారు, ఇదంతా కొన్ని ఫైల్స్‌లో ఉంటుంది. దాన్నే రిఫరెన్స్ అంటాం. అది సరిగ్గా లేకపోతే అడగడమూ రాదు, జవాబొచ్చినా అర్థం కాదు."

"మా శాంపిల్ పీసు మాదిరి" అన్నాను.

"అంటే?"

"బయటి దేశపు పార్టీ ఒక షర్టు ఒప్పుకొని, దానికి సీలు వేసి పంపిస్తాడు. లైన్లో నలభై మంది కూర్చున్నా అందరూ దాన్నే చూసి కుట్టాల. కాలరు వంపు ఎంత, గుండీకీ గుండీకీ మధ్య ఎంత, అంతా దాంట్లోనే ఉంటాది. అది లేకపోతే నలభై మందికీ చేతులు ఆడవు. నేను చెక్ చేసేది కూడా దాన్ని పక్కన పెట్టుకునే."

అక్షర మొదటిసారి నా మొహంలోకి చూసింది. "అదే ఆంటీ. సరిగ్గా అదే. ఆ శాంపిల్ అందరికీ అందేచోట ఉండాలి. మాకు ఉమ్మడి బీరువా లాంటిది ఒకటుంటుంది. ఎవరు ఏది మార్చినా అందులో పెట్టాలి. పొద్దున్నే అందరం అందులోంచి తీసుకుని పని మొదలుపెడతాం. ఎవరు పెట్టారు, ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎందుకు, అన్నీ అందులో రాసుంటాయి."

"మావాడు పెట్టలేదా?"

"సగం పెట్టాడు. బయటి కంపెనీ మేం ట్రయల్ చూసుకోవడానికి ఒక సర్వీస్ ఇచ్చింది. అది రోజుకు నాలుగుసార్లు పడిపోయేది. అది లేస్తే గానీ మాకు పని లేదు. అందుకని క్రిస్టోఫర్ అచ్చం దానిలాగే జవాబిచ్చే చిన్న సర్వీస్ తన ల్యాప్‌టాప్‌లో తయారుచేశాడు. రిఫరెన్స్‌లో అడ్రస్ మార్చి తన మెషీన్ పేరు పెట్టాడు. మేమందరం దాన్నే అడిగేవాళ్ళం. ఆఫీసంతా సంతోషం. కానీ ఉమ్మడి బీరువాలోకి అడ్రస్ మార్చిన ఫైల్ ఒక్కటే వెళ్ళింది. కొత్తగా తయారుచేసినవి వెళ్ళలేదు."

"ఎందుకు పోలేదు?"

"పాత ఫైల్‌ని మారిస్తే అదే కనిపెట్టి తీసుకుంటుంది ఆంటీ. కొత్తగా పుట్టిన ఫైల్‌ని మాత్రం మనమే చేత్తో చేర్చాలి. ఆ చేర్చడం మర్చిపోతాం. మర్చిపోయినట్టు కూడా తెలీదు. ఎందుకంటే మన మెషీన్‌లో అన్నీ ఉంటాయి కదా, మనకు బాగానే నడుస్తుంది. పక్కవాళ్ళు తీసుకున్నప్పుడే బయటపడుతుంది. మా పనిలో ఈ తప్పు చేయనివాళ్ళు లేరు. నేను పది సార్లు చేశా."

"అయితే వాడు శాంపిల్ పీసు ఇంటికి తెచ్చేసినాడు."

"అవునాంటీ."

"మరి ఇన్ని దినాలు ఎట్ల జరిగింది మీకు?"

"అడ్రస్ మళ్ళీ బయటి కంపెనీ వైపుకే తిప్పేశాం. పడుతూ లేస్తూ ఏదోలా నడిచింది. ఇప్పుడు వాళ్ళు ఆ ట్రయల్ సర్వీస్ మూసేశారు. కొత్తది ఇచ్చేదాకా క్రిస్టోఫర్ చేసిందే దిక్కు. అది ఆ ల్యాప్‌టాప్‌లో తప్ప ఎక్కడా లేదు."

మా లైన్లో ఆశ అని ఒక పిల్ల ఉండేది. ఒకసారి సీలు వేసిన శాంపిల్‌ను టిఫిన్ బ్యాగులో పెట్టుకుని మర్చిపోయి ఇంటికి పోయింది. మరుసటి రోజు లైను మొత్తం ఆగింది. సూపర్‌వైజరు అందరి ముందూ తిట్టాడు. ఆ పిల్ల ఏడుస్తూ ఇంటికి పరుగెత్తి తెచ్చిచ్చింది. వారం తర్వాత అందరూ మర్చిపోయారు.

ఆశ బతికి ఉంది కాబట్టి తెచ్చిచ్చింది. నావాడు ఎట్ల తెచ్చిస్తాడు? పోయినవాడి మీద ఏది రాసినా అట్లే నిలిచిపోతుంది కదా. అంతకంటే కష్టమైనది ఇంకొకటి తోచింది. వాడికి ఆ పేరు రావడానికి నేను చెప్పిన అబద్ధం కూడా కారణమే. మూడు నెలలుగా శాంపిల్ పీసును షర్టుల కింద దాచింది నేనే.

లేచి బీరువా తీశాను. గుడ్డ మూట తెచ్చి మంచం మీద పెట్టాను.

"దొరకలేదని చెప్పింది అబద్ధమమ్మా. నన్ను ఏమన్నా అనుకో. కానీ ఇది ఈ గడప దాటదు. నీకు కావలసింది ఇక్కడే కూర్చొని తీసుకో."

అక్షర గుడ్డ విప్పి, వంగిన మూలను చూసింది. చూపుడు వేలితో ఆ వంపు మీద ఒకసారి రాసింది. చేతి ఎముకలు కూడా తేలి కనబడ్డాయి. ఈ పిల్లకు నిజంగానే ఒంట్లో ఏదో ఉంది, చెప్పడం లేదు అనుకున్నాను.

చార్జర్ పెడితే చాలాసేపు ఏమీ రాలేదు. చచ్చిపోయిందేమో అనుకున్నాను. తర్వాత చిన్న లైటు వెలిగింది. పాస్‌వర్డ్ ఒకవేళ దొరికితే అని ఆఫీసు వాళ్ళు చీటీ మీద రాసిచ్చారంట. తెర మీద వాడు పెట్టుకున్న బొమ్మ వచ్చింది. మా వంటింటి కిటికీ. దాంట్లో పుదీన డబ్బా. ఎప్పుడు ఫోటో తీశాడో నాకే తెలియదు.

అక్షర వెతికింది. "ఉన్నాయాంటీ. అన్నీ ఉన్నాయి" అంది. మెల్లగా ఒక్కొక్క ఫైలును చేర్చింది, అడ్రసును కూడా మళ్ళీ వాడి సర్వీసు వైపుకు తిప్పింది. ఆమె ఫోన్‌లోంచి ఇంటర్నెట్ ఇచ్చుకుంది. మధ్యలో ఆగి, "ఇక్కణ్ణుంచి పెడితే క్రిస్టోఫర్ పేరే పడుతుంది. నా పేరు మీద పెట్టమంటారా?" అని అడిగింది.

"పని వానిదే కదా?"

"వాడిదే."

"అయితే వాని పేరే పడనీ."

"మరి ఇవాళ్టి తేదీకి వాడి పేరు చూసి ఎవరైనా..." ఆగింది. "కింద రాస్తాను. క్రిస్టోఫర్ రాసిన ఫైల్స్, అక్షర చేర్చింది అని."

"అట్లే రాయి. ఆ మేనేజరు కూడా చదవాల."

"చదువుతాడు ఆంటీ. మెయిల్ కూడా పెడతాను, అందరికీ."

ఫైళ్ళు చేరాక ఇంకో పని ఉందంది. వాడు చేసిన సర్వీసు ఇంకా పలుకుతుందా లేదా చూడాలంట. ఏదో నొక్కింది. తెర మీద చిన్న చక్రం తిరగడం మొదలుపెట్టింది. తిరిగింది, తిరిగింది. నేను మనసులోనే ప్రార్థన చేశాను. దేనికోసమో నాకే తెలియదు.

చక్రం ఆగి ఒక కాగితం లాంటిది కనబడింది. ల్యాబు రిపోర్టు. ఇంగ్లీషు గబగబా చదవలేను గానీ షర్టుల ట్యాగులు చదివీ చదివీ అక్షరాలు బాగానే పట్టుకుంటాను. పేరు దగ్గర మార్త అని ఉంది. వయసు యాభై ఒకటి. కింద పది పన్నెండు వరుసలు. ప్రతి వరుస చివరా ఒకటే మాట. నార్మల్, నార్మల్, నార్మల్.

"ఇదేంది, నా పేరుంది? నాకేమైంది? ఎప్పుడు తీసినారు నా రక్తం?"

అక్షర నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "అది ఉత్తుత్తి రిపోర్ట్ ఆంటీ. టెస్ట్ చేయాలంటే ఏదో ఒక పేరు కావాలి. వాడు మీ పేరు పెట్టాడు. మా ఆఫీసులో అందరం రోజూ మీ రిపోర్టే చూసేవాళ్ళం. 'మా యమ్మకి జన్మలో ఒక్కసారన్నా అంతా నార్మల్ అని వినిపించాల' అనేవాడు."

నేను మంచం పట్టె మీద కూర్చుండిపోయాను. పక్కింట్లో కుక్కర్ మూడు కూతలు వేసింది. మామూలుగా అయితే మూడో కూతకు కట్టేశారా లేదా అని చెవి అటే ఉంటుంది నాకు. ఆ రోజు లేదు.

"వాని పేరు పడిందన్నావు కదా. చూపీ. ఎట్ల పడిందో చూస్తాను" అన్నాను.

అక్షర రిఫరెన్స్‌లోని ఆ అడ్రసు ఫైలును తెరిచి, దానికి జరిగిన మార్పులు చూపించింది. వరుసగా ఐదారు ఉన్నాయి. పేరు, తేదీ, టైము, పక్కన ఒక చిన్న వాక్యం. అన్నిటికంటే పైన ఇప్పుడు పడిన వరుస, వాడి పేరుతో. కింద జూలైలో వాడివి మూడు. నేను వేలు పెట్టి ఒక్కొక్క వరుసే చూశాను. ట్యాగు చూడడం నా పని. లాటు నంబరు, తేదీ, సైజు. తేడా ఉంటే నా కన్ను అక్కడే ఆగుతుంది.

ఆగింది.

పైనుంచి రెండో వరుస. ఆగస్టు పన్నెండు. సాయంత్రం ఆరు నలభై నాలుగు. పేరు అక్షరది. పక్కనున్న వాక్యంలో వాడి పేరు ఉంది. కూడబలుక్కుని చదివాను. అడ్రస్ మార్చాను, క్రిస్టోఫర్ కాల్‌లో చెప్పాడు. అంతే ఉంది.

ఇంకొకసారి చదివాను. అక్షర నా వేలు ఎక్కడుందో చూసింది. ల్యాప్‌టాప్ మూయబోయింది. మళ్ళీ చెయ్యి వెనక్కి తీసుకుంది.

"అక్షరా, ఆ పొద్దు సాయంత్రం వాడు ఆరు గంటలకే ఆఫీసు నుంచి బయల్దేరినాడు. మీ వాచ్‌మన్ చెప్పినాడు పోలీసులకి. ఆరు నలభై నాలుగుకు నీతో మాట్లాడతా ఉండాడా?"

తల వంచుకుంది. చేతిలో ఉన్న నిప్పట్టు ఎప్పుడో పొడి అయిపోయి ఒళ్ళో రాలి ఉంది.

అప్పుడు నా ఫోన్ తీసి ఆమె ముందు పెట్టాను. ఆ నాలుగు వరుసలూ చూపించాను. మూడు నెలల్లో మొదటిసారి ఇంకొకరికి చూపించడం.

"చూడమ్మా. ఆరు యాభై. ఆరు యాభై రెండు. ఆరు యాభై ఐదు. ఇవి నేను చేసినవి. వాడు నా ఫోన్ చూడబోయి పోయినాడని నేను మూడు నెలల నుంచి ఇట్లనే చస్తా ఉండాను. మీ అంకుల్‌కి కూడా చెప్పలేదు. దేవునికి మాత్రం చెప్పినాను, ఆయన కూడా జవాబు ఇయ్యలేదు. నిన్ను తిట్టేదానికి అడగడంలేదు. నాకు తెలియాల. ఆ ఫోన్ నాదా, నీదా? వాడు బండి నడుపుతానే ఎత్తినాడా?"

అక్షర నా ఫోన్ మీది వరుసలే చూస్తూ కూర్చుంది.

రోడ్డు మీద కూరగాయల బండి అతను అరుచుకుంటూ పోయాడు. ల్యాప్‌టాప్ తెర దానంతట అదే మసకబారి నల్లబడింది. అందులో మా ఇద్దరి మొహాలూ కనబడ్డాయి, నాది పక్కకు, ఆమెది కిందకు వంగి. ఎండ గడప దాటి లోపలికి వచ్చి, చాప అంచు దాకా వచ్చింది. అది మా ఇంట్లో నాలుగు గంటల గుర్తు. ఆ పిల్ల వచ్చేసరికి రెండు కాలేదు. అడిగినదానికి జవాబు రాకపోతే ఇక ఎప్పటికీ రాదని భయమేసింది. వస్తే ఏం వస్తుందోనని అంతకంటే భయమేసింది. ఒకటి నిజం. ఆమె లేచి పోలేదు. గేటు దగ్గర నిలబడి వెళ్ళిపోయిన పిల్ల, ఈసారి కూర్చునే ఉంది.

నేను నీళ్ళు తెచ్చి పక్కన పెట్టాను. ఆమె ఒళ్ళో రాలిన పొడిని దులిపాను. నా చెయ్యి తగలగానే ఆమె దాన్ని రెండు చేతులతో పట్టుకుంది.

"మీ ఫోన్ కాదు ఆంటీ" అంది. "మీరు చేసేసరికే... అప్పటికే అయిపోయింది. ఫోన్ రోడ్డు మీద పడి మోగుతూ ఉండి ఉంటుంది. చేసింది నేను. తను వెళ్ళిపోగానే సర్వీస్ అందక అందరిదీ ఆగిపోయిందని, అడ్రస్ ఏం పెట్టాలో చెప్పమని చేశాను. మొదటిసారి ఎత్తలేదు. మళ్ళీ చేశాను. అప్పుడు ఎత్తాడు. తను చెప్పినట్టు మార్చి పెట్టేశాను. మిగతా ఫైల్స్ ఇంటికెళ్ళగానే పెడతానన్నాడు. థాంక్స్ చెప్తున్నాను... పెద్ద చప్పుడొచ్చింది. తర్వాత ఎంత పిలిచినా పలకలేదు. లైన్ మాత్రం అలాగే ఉంది ఆంటీ. నేనే కట్ చేశాను."

"నడుపుతా ఎత్తినాడా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. చాలాసేపు ఊపుతూనే ఉంది.

"లేదాంటీ. పక్కన ఆపి, దిగి నిలబడే ఎత్తాడు. ఆ లారీ వచ్చింది అక్కడికే. మొదటిసారి ఎందుకు ఎత్తలేదని నేను విసుక్కుంటే నవ్వాడు. 'ఆపేదానికి చోటు దొరకాల కదా తల్లీ, ఆపకుండా ఎత్తినానని తెలిస్తే మా యమ్మ నన్ను చంపేస్తాది' అన్నాడు."